ఫోటో తీసేవారూ, ఫోటో దిగేవారూ

మన భాషలో ఒక చక్కని సదుపాయం వుంది. కెమేరా వెనకాల వున్న మనిషి ఫోటో ‘తీస్తాడు’. కెమేరా ముందు నిలబడ్డ మనిషి ఫోటో ‘దిగుతాడు’. ఒకే క్షణానికి రెండు క్రియలు! పెళ్లిపందిట్లో బంధువులంతా వరసగా నిలబడి ఫోటో దిగుతారు. స్టూడియో ఆయన దాన్ని తీస్తాడు. దిగడం అన్న మాటలో ఎదుటి మనిషి ఒప్పుదల వుంది. తల దువ్వుకోవడం, పైట సర్దుకోవడం, చంటిపిల్లను ముందుకు తెచ్చుకోవడం, ‘ఊఁ, ఇక తియ్యండి’ అనడం, ఇదంతా దిగడంలో భాగమే.

విహారయాత్రలకూ విజ్ఞానయాత్రలకూ వెళ్లి మనం తెచ్చుకునే ఫోటోల్లో మాత్రం చాలావాటికి తీసినవారే వుంటారు గాని దిగినవారు వుండరు. బస్సు కిటికీలోంచి ఒకటి, చెట్టు చాటునుంచి ఒకటి, దూరపు లెన్సు పెట్టి ఒకటి. రీలుకు 36 ఫ్రేములే వున్న రోజుల్లో ప్రతి ఫ్రేమూ డబ్బుతో కూడిన పని కనుక ఆచితూచి నొక్కేవారు. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఫోన్ రూపంలో ఒక కెమేరా వుంది. తీయడం ఎంత సులువైతే దిగేవారిని గురించిన ఆలోచన అంత తగ్గిపోయింది.

ఆ ఫోటోలన్నీ ఒకచోట పోసి చూడండి. దాదాపు మూడు కుప్పలుగా పడతాయి. ఒక కుప్పలో కొండలు, వాగులు, సూర్యాస్తమయాలు. రెండో కుప్పలో ముడతలు పడ్డ ముఖాలు, నెత్తిన బిందెలు, నవ్వే పిల్లలు. మూడో కుప్పలో విస్తళ్లు, పిండివంటలు. కుప్పకూ కుప్పకూ మధ్య చుట్టరికం కనపడదు. ఆ ముసలమ్మ ఆ కొండ కింద ఏం చేస్తోందో, ఆ పళ్లెంలోని వంట ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఏ ఫోటోనూ అడిగి తెలుసుకోలేం.

కాని అసలు సంగతి ఏమిటి? పండుగ వంట ఆకాశంలోంచి వూడిపడదు. ఆ నేలలో పండిన గింజ, ఆ వూరి మనుషుల చేతుల మీదుగా, ఆ రోజుకు వంటగా మారుతుంది. నేల, మనిషి, వంట అనేవి ఒకే దారిలోని మూడు మజిలీలు. ఆ దారిని చూపించడమే యాత్రా ఛాయాచిత్రం చేయగల గొప్ప పని అని నా అభిప్రాయం. ఆ దారి చూపాలంటే ఆ మనుషులు మనల్ని తమ చేలోకీ వంటింట్లోకీ రానివ్వాలి. అంటే వాళ్లు ఫోటో ‘దిగాలి’. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇంతే. తెలంగాణ బతుకమ్మనూ కోస్తా సంక్రాంతినీ ఉదాహరణలుగా తీసుకుందాం.

కొంచెం పూర్వచరిత్ర

ఫోటోగ్రఫీ సంగతి లోకానికి వెల్లడైంది 1839లో. మరి కొద్ది ఏళ్లకే అది మన దేశానికి వచ్చేసింది. వచ్చీ రావడంతోనే పాలకుల చేతిలో పడింది. 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో 8 సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. అందులో 400కు పైగా ఫోటోలు. కులం, తెగ, వృత్తి వారీగా మనుషుల్ని నిలబెట్టి తీసినవి. పురుగుల్ని అట్టకు గుచ్చి కింద జాతి పేరు రాసినట్టుగా, చాలా ఫోటోల కింద తెగ పేరే వుంటుంది. మనిషి పేరు వుండదు. అక్కడ మనిషి ‘నమూనా’ అయిపోయాడు.

దానికంటే కష్టమైన ఉదాహరణ 1876-78 నాటి మద్రాసు కరువు. నేటి రాయలసీమ ప్రాంతం ఆ కరువులో ఎంత నలిగిందో చరిత్ర విద్యార్థులకు తెలుసు. ఎముకల గూళ్లయిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. కరువు ఎంత ఘోరమో ఆ ఫోటోల వల్లే మనకు ఇప్పటికీ తెలుస్తోంది. నిజమే. కాని ఆ కూర్చున్నవారు ఎవరు, తరువాత ఏమయ్యారు అన్న ప్రశ్న ఆ ఫోటోలను చూసిన ప్రతివారినీ వేధిస్తుంది. అదే హూపర్ 1886లో మాండలేలో మరణశిక్ష పడ్డవారిని కాల్చే క్షణాన్ని ఫోటో తీయబోయి, విచారణకు గురై, ప్రభుత్వం చేత మందలింపు తిన్నాడు. తీయగలిగినదల్లా తీయవచ్చునా అన్న ప్రశ్న నిన్నా మొన్నటిది కాదన్నమాట.

ఇక రెండో వైపు చూద్దాం. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905). రూర్కీలో ఇంజనీరింగు చదివి ఫోటోగ్రఫీలోకి వచ్చినవాడు. ఘోషా పాటించే స్త్రీలు మగవాడి కెమేరా ముందుకు రారు కనుక, ఆయన 1892లో వారికోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. ఇందులో వ్యాపారం లేదనను. అయినా ఒక సంగతి గమనించండి. దిగేవారికి ఇబ్బంది లేకుండా తీసే పద్ధతినే మార్చుకున్నారు.

మరొకరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యంలో వుండి, నల్లమల చెంచుల మధ్యా, గోదావరి కొండరెడ్ల మధ్యా, ఆదిలాబాదు గోండుల మధ్యా పనిచేశారు. భార్య బెట్టీ ఆయనకు తోడు. గుడారం వేసుకుని నెలల తరబడి ఆ గూడేల్లో వున్నారు కనుక ఆయన ఫోటోల్లో చేను, దున్నే మనిషి, పండుగ, పూజ విడివిడిగా వుండవు. ఒకదానికొకటి అల్లుకుని వుంటాయి. దశాబ్దాల తరువాత తిరిగి వచ్చి, ఆ ప్రజల భూములు ఎలా చేజారాయో 1982లో ఇంకో పుస్తకం రాశారు. 1995లో లండన్‌లో మరణించాక ఆయన అస్థికలు ఆదిలాబాదు ప్రాంతపు మార్లవాయి గ్రామానికే చేరాయి. మనం హైమెండార్ఫులం కానక్కరలేదు. మూడు రోజుల యాత్రలో అది కుదరదు కూడా. అయితే మూడు రోజుల్లోనూ కుదిరే పనులు కొన్ని వున్నాయి. వాటినే చూద్దాం.

నేల

బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు మొదలై ఆశ్వయుజ అష్టమినాడు ముగుస్తుంది. మన కాలెండరులో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట. ఈ రోజుల్లో తెలంగాణ నేల ఫోటోకు ఎంత అనువుగా వుంటుందో! వానలకు గాలిలోని దుమ్ము కడుక్కుపోయి దూరపు గుట్ట కూడా స్పష్టంగా కనపడుతుంది. చెరువులు నిండి వుంటాయి. కొన్ని మత్తళ్లు దుంకుతుంటాయి. రాళ్లూ రప్పలూ వున్న బీళ్లలో తంగేడు పసుపుపచ్చగా పూస్తుంది. జొన్నచేలల్లో, గట్ల మీద గునుగు తెల్లని కంకులు వేస్తుంది. రైతుకు గునుగు కలుపుమొక్క. లేతగా వున్నప్పుడు కూరాకు. పండుగ వచ్చేసరికి బతుకమ్మకు అదే అలంకారం. ఈ ఒక్క మొక్క కథ తెలిస్తే చాలు, ఆ ఫోటోకు అర్థమే మారిపోతుంది.

చెరువు సంగతీ అంతే. తెలంగాణ ఎక్కువ భాగం గట్టి రాతి నేల. వాన నీరు పల్లానికి జారిపోతుంది. అందుకే పల్లాలకు అడ్డంగా కట్టలు పోసి, పైచెరువు నిండితే మిగులునీరు కింది చెరువులోకి దిగేటట్టు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి. 1213 నాటి శాసనం వున్న రామప్ప గుడిని 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గుడిని ఫోటో తీయడానికి వందలమంది వెళతారు. ఆ గుడి పక్కనే వున్న చెరువు నీటితో ఇప్పటికీ పొలం పారుతుందనీ, అటువంటి చెరువుల్లోనే బతుకమ్మలు సాగనంపుతారనీ చూపే ఫోటో తెచ్చేవారు తక్కువ.

ఇక పని సంగతి. నేలను తీయడానికి పొద్దు పొడిచిన గంట, పొద్దు గుంకే ముందు గంట మంచివి. అప్పుడు వెలుతురు పక్కనుంచి వాలుగా పడి గుట్టకు, గట్టుకు, దున్నిన సాలుకు నీడ నిస్తుంది. నీడ వుంటేనే బొమ్మకు లోతు. మిట్టమధ్యాహ్నం అంతా చదునుగా, తెల్లగా వస్తుంది. ఆకాశాన్నీ నేలనూ సరిగ్గా సగం సగం పంచకండి. ఏది ముఖ్యమో దానికి మూడింట రెండు వంతులు ఇవ్వండి. దగ్గరలో ఒక తంగేడు కొమ్మో, తూమురాయో పెట్టుకుంటే దూరం దూరంగా తోస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, ఆ నేలమీద పనిచేసే మనిషిని ఫ్రేములోంచి తప్పించడానికి తంటాలు పడకండి. పొద్దున్నే పూలు కోసి బుట్టలో వేసుకుంటున్న ఆడపిల్ల చిన్నదిగా కనపడినా సరే, ఆ ప్రకృతి దృశ్యానికి ఆమెతోనే కొలతా వస్తుంది, అర్థమూ వస్తుంది.

కోస్తాలో సంక్రాంతి వేళకు ఇంకో రకం వెలుతురు. జనవరి తెల్లవారుజామున గోదావరి డెల్టా అంతా మంచు. కెమేరా లోపలి మీటరు ప్రతి దృశ్యాన్నీ నడిమిరకం బూడిదరంగుగా లెక్క కడుతుంది. కనుక తెల్లని మంచును చూసి ‘వెలుతురు ఎక్కువైంది’ అని పొరబడి ఫోటోను మసకబరుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజరును ఒక మెట్టు పెంచితే మంచు మంచులాగే వస్తుంది. ఆ మంచులో కనిపించే వరికుప్పల వెనకాలా చరిత్ర వుంది. 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాకనే ఆ డెల్టా వరికి పుట్టిల్లయింది. కొత్త బియ్యం ఇంటికి వచ్చిన నెలలోనే అరిసెల పండుగ రావడం కాకతాళీయం కాదు గదా!

మనుషులు

ఇక్కడే చిక్కంతా. బతుకమ్మ ఆడవాళ్ల పండుగ. ఇత్తడి తాంబాళంలోనో సిబ్బిలోనో ఆకులు పరిచి, వరసవరసగా పూలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, నడుమ వుంచి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడతారు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఏడాదికి ఒక్కసారి కలుసుకునే చోటు అది. ఆ వలయంలోకి కెమేరా పట్టుకుని చొరబడితే ఏమవుతుంది? పాట ఆగుతుంది. కొందరు ముఖం తిప్పుకుంటారు. కొందరు ఫోటోకోసం ఆడడం మొదలుపెడతారు. మూడు విధాలా పండుగ పోయి ఫోటో ఒక్కటే మిగులుతుంది.

కనుక ముందు కెమేరా సంచిలో పెట్టి వెళ్లండి. వూరి పెద్దలకో, మనకు తెలిసిన ఇంటివాళ్లకో చెప్పుకోండి. కాసేపు కూర్చుని చూడండి. తరువాత, ‘అక్కా, మీ బతుకమ్మను ఒక ఫోటో తియ్యొచ్చా?’ అని అడగండి. ‘తియ్యి బిడ్డా, గని మాక్కూడ ఒకటి ఇయ్యాలె’ అనే జవాబు వస్తే ఆ క్షణంనుంచి అది దిగిన ఫోటో. ‘వద్దు’ అంటే వద్దనే. చిన్నపిల్లలయితే తల్లిదండ్రుల మాట తప్పనిసరి. విద్యార్థి బృందంలో అమ్మాయిలుంటే ఈ పండుగ ఫోటోలు వారే తీయడం మేలు. దీన్‌దయాళ్ 1892లో కనిపెట్టిన కిటుకు ఇదే గదా.

అడిగితే సహజత్వం పోతుందని కొందరి వాదన. నిజంగా పోయేది మొదటి రెండు నిమిషాలు మాత్రమే. మనిషి బిగుసుకుంటాడు, చేతులు కట్టుకుంటాడు. ఆ ఫోటో కూడా తీయండి. అది ఆయన కోరుకున్న రూపం, ఆయనకివ్వాల్సిన ఫోటో అదే. తరువాత ఆయన తన పనిలో పడతాడు. మన పని అప్పుడు మొదలవుతుంది. లెన్సు సంగతికొస్తే, దూరంనుంచి లాగే పెద్ద లెన్సు కన్నా 35 లేక 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సు మంచిది. అది మనల్ని మాట వినపడేంత దగ్గరకు రప్పిస్తుంది.

సాయంకాలపు బతుకమ్మకు వెలుతురు తక్కువ. వెలుతురును లోపలికి పంపే తాళాలు మూడు. ఎపర్చరు ద్వారం ఎంత తెరవాలో చెబుతుంది, షట్టరు ఎంతసేపు తెరవాలో చెబుతుంది, ఐఎస్‌ఓ లోపలి పలక ఎంత చురుకుగా వుండాలో చెబుతుంది. తిరిగే మనుషులు స్పష్టంగా రావాలంటే షట్టరు సెకనులో 1/125 వంతైనా వుండాలి. అందుకు ఐఎస్‌ఓ 1600కో 3200కో పెంచాలి. అలాకాక కెమేరాను స్టాండు మీద నిలిపి 1/4 సెకను తెరిచి వుంచితే నడుమ బతుకమ్మ నిశ్చలంగా, చుట్టూ చీరల రంగులు చక్రంలా వస్తాయి. ఫ్లాషు మాత్రం వెయ్యకండి. దీపాల వెలుగును చంపేస్తుంది. ఆడేవాళ్ల కళ్లలో కొడుతుంది.

ఒంటి రంగు సంగతి కూడా చెప్పాలి. కలరు ఫిల్ము కాలంలో కోడక్ కంపెనీ ప్రింటింగు లాబులకు ‘షర్లీ కార్డు’ అనే కొలత ఫోటో పంపేది. అందులో ఏళ్లతరబడి వున్నది తెల్లజాతి స్త్రీయే. ఆమె రంగు సరిగ్గా వస్తే అంతా సరిగ్గా వున్నట్టే లెక్క. నల్లనివారి ముఖాలు చీకటిలో కలిసిపోయినా పట్టించుకోలేదు. నేటి ఫోన్లు ఇంకో దారి పట్టాయి. అందం పేరిట ముఖాన్ని తెల్లబరుస్తాయి, ముడతలు తుడిచేస్తాయి. రెండూ అబద్ధాలే. ఆ సదుపాయాన్ని ఆపేయండి. వెనకాల వెలుగుతున్న ఆకాశం వుంటే మీటరును ముఖం మీద పెట్టి కొలవండి. ఎండలో కలుపు తీసిన మనిషి రంగు ఆ ఎండ చేసిన సంతకం. దాన్ని మార్చే హక్కు మనకెక్కడిది?

ఈ విషయంలో దేశం సిగ్గుపడ్డ సంఘటన ఒకటుంది. అండమాన్ దీవుల్లో జరావా స్త్రీలను, తిండి ఆశ చూపి పర్యాటకుల ముందు ఆడించిన వీడియో 2012లో బయటపడింది. ఆ ఏడాదే అక్కడి చట్టాన్ని సవరించి, అటువంటి తెగలవారి ఫోటోలు, వీడియోలు తీయడాన్ని శిక్షార్హం చేశారు. నేల, మనిషి, తిండి మూడూ అక్కడా వున్నాయి చూడండి. లేనిదల్లా దిగేవారి ఇష్టం ఒక్కటే. అది లేనప్పుడు ఫోటోగ్రఫీ ఎంత కిందికి జారగలదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పండుగ వంట

పండుగ వంట అనగానే నిండు విస్తరిని పైనుంచి తీయడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. రంగులు బాగుంటాయి. కాని అన్ని విస్తళ్లూ ఒకేలా వుంటాయి. వంటలో కథ వుండేది విస్తరికి ముందూ, విస్తరి తరువాతా.

బతుకమ్మ తొమ్మిది రోజులకూ తొమ్మిది పేర్లు. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన, వేపకాయలు, వెన్నముద్దలు, చివరకు సద్దులు. ఇందులో ఎక్కువ పేర్లు ఆనాటి నైవేద్యాన్ని బట్టి వచ్చినవే. ఏడోనాటి వేపకాయలంటే చేదు కాయలు కాదు సుమా. బియ్యప్పిండిని వేపకాయల రూపంలో చేసి వేయించినవి. ఆరోనాడు అమ్మవారు అలిగిందని నైవేద్యమే పెట్టరు. విస్తరి కోసం వచ్చిన ఫోటోగ్రాఫరుకు ఆ రోజు ఏమీ దొరకదు. పండుగ కోసం వచ్చినవాడికి ఖాళీ పళ్లెమే ఒక సంగతి చెబుతుంది.

సద్ది అంటే ఏమిటి? ప్రయాణానికో పొలానికో కట్టుకుపోయే అన్నం. కోస్తావారు చద్ది అంటారు. సద్దుల బతుకమ్మనాడు చెరువు దాకా మోసుకుపోయి, ఆటపాటలయ్యాక తినాలి గనుక పాడుకాని వంటలే చేస్తారు. చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది. వాటికి తోడు రొట్టెను నలిపి బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు. నువ్వులు మెట్టపంట, జొన్న మెట్టపంట. నీరు తక్కువైన నేల తన గింజలతో చేసిన పండుగ అది. ఇప్పుడు చెప్పండి, పళ్లెం ఒక్కటి తీస్తే ఇదంతా ఎలా తెలుస్తుంది?

అందుకే ఒక వరస చెబుతాను. నువ్వుల చేను, మూకుట్లో వేగుతున్న నువ్వులు, రోట్లో దంచే చేతులు, వెడల్పు పళ్లెంలో ఆరబోసిన అన్నం, కలుపుతున్న చేయి, మూత పెట్టిన స్టీలు గిన్నె, చెరువుకట్ట మీద ఒకామె చేతిలోంచి ఇంకొకామె చేతిలో పడుతున్న ముద్ద. మొత్తం ఏడు ఫోటోలు. ఏ ఒక్కటీ అద్భుతం కానక్కరలేదు. కాని ఏడూ కలిస్తే ఆ వూరు కనపడుతుంది.

అరిసెలకూ ఇదే పద్ధతి. బియ్యం నానబెట్టి, వార్చి, తడి ఆరకముందే పిండి కొట్టాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. లేత అయితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. ఒకరు పాకం చూస్తారు, ఒకరు పిండి పోస్తూ కలియబెడతారు, ఒకరు తట్టి నూనెలో వేస్తారు, ఇంకొకరు అరిసెల చెక్కలతో అదిమి నూనె తీస్తారు. ఒక్కరి వల్ల అయ్యే వంట కాదు. ఇరుగూ పొరుగూ కలిస్తేనే అవుతుంది. ఫోటో తీయాల్సిందీ ఆ కలవడాన్నే. కిటికీ వెలుతురు పక్కనుంచి వచ్చేటట్టు నిలబడండి. ట్యూబులైటు ఆర్పమని అడిగితే సాధారణంగా కాదనరు. పచ్చని ఛాయ పోతుంది. ఆవిరి కనపడాలంటే వెలుతురు గిన్నె వెనకనుంచి రావాలి. కాగే నూనె దగ్గర కెమేరా పట్టీ వేలాడకుండా చూసుకోండి. ‘మళ్లీ ఒకసారి పొయ్యండమ్మా, సరిగ్గా రాలేదు’ అని మాత్రం అనకండి. పాకం మన కోసం ఆగదు.

చెప్పులు బయట విడవడం, నైవేద్యం కాకముందు ముట్టకపోవడం, మడి కట్టుకున్నవారికి దూరంగా నిలబడడం మన ఇళ్లలో తెలిసినవే. పరాయి వూళ్లో మరచిపోకూడదు. అలాగే సంక్రాంతికి వచ్చే హరిదాసు, గంగిరెద్దులవారు. ఆ నాలుగు రోజుల సంపాదన వారికి ఏడాదిలో ముఖ్యమైనది. ఇంటివాళ్లు బియ్యమో, డబ్బో, బట్టో ఇస్తున్నారు. ఫోటోలో వారి కళను వాడుకుంటున్న మనం ఖాళీ చేతులతో తిరిగిపోవడం మర్యాద కాదు.

పేరూ, వాయనమూ

ఫోటో ఇంటికి తెచ్చాక సగం పనే అయినట్టు. ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. వూరి పేరు, తేదీ, ఆ పని పేరు, ఆ వంట పేరు, అక్కడివాళ్లు అనే మాటలోనే రాసుకోండి. మనిషి ఇష్టపడితే పేరు కూడా. ‘గ్రామీణ సౌందర్యం’, ‘పల్లెపడుచు’ వంటి శీర్షికలు ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ సంపుటాలకు తమ్ముళ్లే. పేరు బయటపెట్టవద్దంటే ఆ మాటా రాసుకుని పాటించండి. కాలేజీ గోడమీద ప్రదర్శించడం వేరు, ఫోన్ల ద్వారా లోకమంతా తిప్పడం వేరు. ఏది చేయబోతున్నారో ముందే చెప్పి అడగాలి.

వరంగల్లుకు చెందిన ఛాయాగ్రాహకుడు, చిత్రకారుడు భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూశారు. తెలంగాణ పల్లె గడపలను, పాత తలుపులను, బతుకమ్మ ఆడే స్త్రీలను ఆయన ఏళ్ల తరబడి తీశారు. 2014లో తెలంగాణ ఏర్పడి బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. అంతకు చాలా ముందునుంచే ఆ పండుగను బొమ్మల్లో భద్రపరచిన కొద్దిమందిలో ఆయన ఒకరు. పాత ఇళ్లు కూలిపోతున్నాయి, బీళ్లు ప్లాట్లవుతున్నాయి, పట్నాల దగ్గర చెరువులు కుంచించుకుపోతున్నాయి. అటువంటి రోజుల్లో ఈనాటి మామూలు ఫోటో రేపు ఆ వూరికే ఒక దస్తావేజు అవుతుంది. అయితే ఆ దస్తావేజు వూరివాళ్లకు అందుబాటులో వుండాలి. మన ఫోన్లోనే నిద్రపోతే వారికేం లాభం?

బతుకమ్మ చివరిరోజు ఆడవాళ్లు ఒకరికొకరు వాయనాలు ఇచ్చుకుంటారు, పుచ్చుకుంటారు. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం లేని వాయనం వుండదు. యాత్రకు వెళ్లిన విద్యార్థి కూడా ఆ వూరినుంచి ఎంతో పుచ్చుకుంటాడు. దారి చూపించారు, కూర్చోమన్నారు, ముద్ద చేతిలో పెట్టారు, ముఖం కెమేరావైపు తిప్పారు. తిరిగి ఇవ్వగలిగింది ఒక ప్రింటు. ఫోన్లో పంపడం మంచిదే. కాని గోడకు తగిలించుకునే కాగితపు ఫోటో విలువ వేరు. నాలుగు టీల ఖర్చు కాదు అది.

విద్యార్థి సంఘం వారికి ఒక చిన్న సూచన. వచ్చే ఏటి విజ్ఞానయాత్ర బడ్జెట్టులో బస్సు ఖర్చు, భోజనాల ఖర్చుతో పాటు ‘ప్రింట్లు, పోస్టేజీ’ అని ఒక పద్దు పెట్టండి. తీసిన ఫోటోల్లో మంచివి ఏరి, వివరాలు రాసి, ఒక ఆల్బం కాలేజీ లైబ్రరీకీ, ఇంకొకటి ఆ వూరి బడికీ ఇవ్వండి. పదేళ్లు ఇలా చేస్తే పది వూళ్ల నేల, పది వూళ్ల మనుషులు, పది వూళ్ల పండుగలు మన లైబ్రరీలో వుంటాయి. అంతకంటే ముఖ్యంగా, ఆ పది వూళ్లకు మన కుర్రవాళ్లు మళ్లీ వెళితే, ‘మొన్న మా ఫోటోలు పంపినోళ్లు వచ్చిన్రు, లోపలికి రమ్మను’ అనే మాట వినపడుతుంది. ఫోటోగ్రాఫరుకు అంతకు మించిన బహుమతి ఏ పోటీలోనూ లేదు.